మీ బిడ్డ ముందుగా ఎవరికి చెబుతున్నాడు?



2024 చలికాలంలో మేము విజయనగరం జిల్లా శృంగవరపుకోటకు వెళ్ళాము. విశాఖ నుండి అరకు లోయకు పోయే దారిలో, కొండలు మొదలయ్యే చోట ఉన్న ఊరు అది. ఆ జిల్లాలో మన సంఖ్య చాలా తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి ఒక్కరం కూడా లేము. జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని మా దగ్గరకు వచ్చారు. ఆయనకు మోటారు సైకిళ్ళు బాగుచేసే చిన్న షెడ్డు ఉంది. అబ్బాయి పదవ తరగతి చదువుతున్నాడు.

“మౌలానా, వీడికి కాస్త నసీహత్ చెయ్యండి. లెక్కల్లో మార్కులు రాలేదని ప్రోగ్రెస్ కార్డు నాకు చూపించకుండా దాచాడు. నా సంతకం వీడే పెట్టేశాడు. వీడికి చదువు అబ్బదు. రేపటి నుండి షెడ్డులో కూర్చోబెట్టేస్తాను” అన్నారు ఆ తండ్రి. ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది.

అబ్బాయి తల వంచుకుని నిలబడ్డాడు. దొంగ సంతకం పెట్టడం మోసమేనని, అల్లాహ్ దృష్టి నుండి ఏదీ దాగదని అతనికి చెప్పాము. తరువాత తండ్రిని కాసేపు అవతల కూర్చోమని, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాము. “లెక్కలు అర్థం కావటం లేదని నీకు ఎప్పుడు తెలిసింది, నాయనా?” అని అడిగాము. “ఎనిమిదో తరగతిలోనండి” అన్నాడు. “ఎవరికి చెప్పావు?” అన్నాము. చాలాసేపు మాట్లాడలేదు. చివరకు “ఎవరికీ చెప్పలేదండి” అన్నాడు.

రెండేళ్ళు! ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే దస్తర్‌ఖాన్ మీద అన్నం తింటూ, ఒక బిడ్డ రెండేళ్ళపాటు ఈ బరువును ఒంటరిగా మోశాడు. ఫీజు కట్టారు, పుస్తకాలు కొన్నారు, యూనిఫారం కుట్టించారు. కాని ‘అబ్బా, నాకు ఇది రావటం లేదు’ అని చెప్పుకోవటానికి ఆ ఇంట్లో అతనికి చోటు దొరకలేదు. ఇంతకీ ఆ రోజు మేము నసీహత్ చేయవలసింది ఎవరికి? తిరుగు ప్రయాణంలో ఈ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఈ నెల దాన్నే మీ ముందు ఉంచుతున్నాము.

కల కన్న బాలుడు

దివ్య ఖుర్ఆన్‌లో యూసుఫ్ సూరా ఎలా మొదలవుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. బాలుడైన యూసుఫ్ (అలై) ఒక వింత కల కన్నారు. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తనకు సాష్టాంగపడినట్లు చూశారు. ఆ కలను ఆయన ఎవరికి చెప్పారు? ఆ ఇంట్లో అన్నలు చాలామందే ఉన్నారు. కాని ఆ బాలుడు నేరుగా తండ్రి దగ్గరకు వెళ్ళి చెప్పాడు.

తండ్రి యాఖూబ్ (అలై) నవ్వి తోసిపుచ్చలేదు. ‘పనులున్నాయి, తరువాత చూద్దాం’ అనలేదు. నా చిన్ని తండ్రీ అన్నంత ప్రేమగా పిలిచి, పూర్తిగా విన్నారు. ఈ కల అన్నలకు చెప్పవద్దని జాగ్రత్త చెప్పారు. అల్లాహ్ నిన్ను ఎన్నుకుంటాడని ధైర్యం కూడా చెప్పారు. విన్నారు, హెచ్చరించారు, ఆశ కల్పించారు. ఎదిగే వయసు పిల్లలకు తల్లిదండ్రులు ఇవ్వవలసినవి ఈ మూడూ ఇక్కడే ఉన్నాయి.

అదే సూరాలో మరో విషయం కూడా ఉంది. మిగిలిన కొడుకులు ఆ తండ్రికి అబద్ధం చెప్పారు. చొక్కాకు దొంగ రక్తం పూసి తెచ్చారు. ఆయనకు వారి మాట మీద నమ్మకం కలగలేదు. అయినా వారిని ఇంటి నుండి వెళ్ళగొట్టలేదు. చక్కని సహనం వహించారు. ఏళ్ళు గడిచాక వారు తప్పు ఒప్పుకుని వచ్చినప్పుడు, వారి కోసం ప్రభువును క్షమాపణ వేడుకుంటానని మాట ఇచ్చారు. తలుపు మూసేసి ఉంటే వారు తిరిగి వచ్చేది ఎక్కడికి?

కాబట్టి మనలో ప్రతి ఒక్కరూ వేసుకోవలసిన ప్రశ్న ఇది: మన అబ్బాయి తన కలను, తన భయాన్ని, తనకు వచ్చిన తక్కువ మార్కును ముందుగా ఎవరికి చెబుతున్నాడు? మన అమ్మాయి బడిదారిలో ఎవరైనా ఇబ్బంది పెడితే ముందుగా ఎవరి దగ్గరకు వస్తోంది? జవాబు ‘మా దగ్గరకే’ అయితే అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోండి. కాకపోతే, పరీక్షల కంటే ముందు సరిదిద్దుకోవలసింది ఇదే.

పది నుండి ఇరవై దాకా

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళ బాలుడిగా ఉన్నప్పుడు తల్లి ఉమ్మె సులైమ్ (రజి) ఆయనను దైవప్రవక్త (సఅసం) సేవలో చేర్పించారు. సుమారు పదేళ్ళు ఆయన ఆ సన్నిధిలో పెరిగారు. పది నుండి ఇరవై! మన ఇళ్ళలో తల్లిదండ్రులు ఎక్కువగా విసుక్కునే వయసు సరిగ్గా ఇదే. అన్ని ఏళ్ళలోనూ ప్రవక్త (సఅసం) తనను ఒక్కసారి కూడా ఛీ అనలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని అనస్ (రజి) పెద్దవాడయ్యాక చెప్పుకున్నారు.

మరి ఆ బాలుడు ఎప్పుడూ పొరపాటు చేయలేదా? చేశారు. ఒకసారి ప్రవక్త (సఅసం) ఏదో పని మీద పంపితే, దారిలో పిల్లలు ఆడుకుంటూ కనిపించారు. అనస్ (రజి) అక్కడ ఆగిపోయారు. వెనుక నుండి ఎవరో మెల్లగా మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ప్రవక్త (సఅసం)! ఆయన ముఖంలో చిరునవ్వు ఉంది. ముద్దుపేరుతో పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారు. ఇప్పుడే వెళ్తున్నానని బాలుడు జవాబిచ్చాడు. అంతే.

ఇక్కడ జాగ్రత్తగా గమనించండి. ప్రవక్త (సఅసం) పనిని వదిలేయలేదు, గుర్తు చేశారు. కాని ఆ గుర్తు చేయటంలో అవమానం లేదు. మృదుత్వమంటే తప్పును ఒప్పు అనటమని ఎవరూ అనుకోవద్దు. పిల్లలకు ఏడేళ్ళు రాగానే నమాజు చేయమని చెప్పాలని, పదేళ్ళు వచ్చాకే గట్టిగా మందలించాలని ఆదేశం ఉంది. ఈ మధ్య మూడేళ్ళలో రోజుకు అయిదు పూటల చొప్పున లెక్కవేస్తే అయిదు వేలకు పైగా సార్లు ఓపికగా చెప్పవలసి ఉంటుంది. ధర్మానికి మూలస్తంభమైన నమాజు విషయంలోనే ఇంత ఓర్పు నేర్పించారు. మరి లెక్కల విషయంలో మనం మూడు రోజులు కూడా ఎందుకు ఓర్చుకోలేకపోతున్నాము?

పిల్లలు ఎందుకు దాస్తారు?

మా మాటే చెబుతాము. మదర్సాలో హిఫ్జ్ చేసే రోజుల్లో సబఖ్ రాని ఉదయం కడుపునొప్పి అని అబద్ధం చెప్పి దుప్పటి కప్పుకుని పడుకున్న రోజులు మాకూ ఉన్నాయి. దెబ్బకు భయపడి కాదు, నలుగురి ముందు నవ్వులపాలు కావలసి వస్తుందని. తరువాత మేమే మింబర్ ఎక్కి ‘ఈ కాలపు పిల్లలు’ అంటూ ఎన్నోసార్లు కఠినంగా మాట్లాడాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

మన పిల్లల మీద ఉన్న బరువును మనం సరిగా అంచనా వేయటం లేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, మక్తబ్‌లో అరబీ. నాలుగు భాషల మధ్య తిరిగే బిడ్డకు లెక్క రాకపోవటానికి ఒక్కోసారి కారణం లెక్క కాదు, ప్రశ్నలోని మాటే అర్థం కాదు. ఆ మాట అడగటానికి తరగతిలో సిగ్గు. ఇంట్లో అడుగుదామంటే ‘నీ మామ కొడుకును చూడు’ అనే పోలిక ఎదురవుతుంది. ఇక నోరు మూసుకోవటమే సుఖమని బిడ్డ నేర్చుకుంటాడు.

ఈ మౌనం చివరికి ఎక్కడికి దారితీస్తుంది? దేశంలో ఆరు నుండి పద్నాలుగేళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది అసలు బడికి వెళ్ళనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక తెలిపింది. ఆ తరువాత విద్యాహక్కు చట్టం వచ్చి 2010 ఏప్రిల్ 1 నుండి అమలయింది. అయితే ఆ చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకే, అంటే ఎనిమిదో తరగతి దాకానే ఉచిత నిర్బంధ విద్యకు పూచీ ఇస్తుంది. తొమ్మిది, పది తరగతుల్లో బిడ్డ బడి మానేస్తే ఆ చట్టం చేయి అందదు. చట్టం చేయి వదిలే ఆ వయసులోనే తల్లిదండ్రుల చేయి గట్టిగా పట్టుకోవాలి. అబ్బాయి అయితే షెడ్డుకు, అమ్మాయి అయితే పెళ్ళి మాటలకు అప్పగించేది కూడా ఎక్కువగా ఆ వయసులోనే!

ఒక ద్వారం మూసుకుంటే

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) వయసు హిజ్రత్ నాటికి పదకొండేళ్ళు. బద్ర్ యుద్ధానికి తానూ వస్తానని ముందుకొస్తే, చిన్నవాడని వెనక్కు పంపించారు. ఆ వయసులో అది ఎంత నిరాశ కలిగించే విషయమో ఊహించండి. అయితే ఆ బాలుడికి అల్లాహ్ మంచి జ్ఞాపకశక్తిని ప్రసాదించాడు. ఇంటివారు ఆ సంగతి గుర్తించారు. ఆయనను ప్రవక్త (సఅసం) దగ్గరకు తీసుకువెళ్ళి, ఈ పిల్లవాడికి ఇన్ని సూరాలు వచ్చని చూపించారు. యూదుల లిపి నేర్చుకోమని ప్రవక్త (సఅసం) ఆయనను ఆదేశించారు. సుమారు పదిహేను రోజుల్లోనే నేర్చుకున్నారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. కత్తి పట్టే వయసు కాదని వెనక్కు పంపిన ఆ చేతులే తరువాత హజ్రత్ అబూ బక్ర్ (రజి) కాలంలో దివ్య ఖుర్ఆన్‌ను ఒకచోట సమీకరించే మహత్కార్యానికి పూనుకున్నాయి.

ఇందులో మనకు పాఠం ఉంది. బిడ్డకు ఏది రాదో అందరూ చెబుతారు. ఏది వస్తుందో కనిపెట్టి, సరైన వ్యక్తి దగ్గరకు చేయి పట్టుకుని తీసుకువెళ్ళవలసింది ఇంటివారే. పదవ తరగతి తరువాత ఒకే దారి లేదు. ఇంటర్మీడియట్ ఉంది. ప్రవేశ పరీక్ష రాసి చేరే మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. చేతిపని మీద మనసున్నవారికి ఐటిఐ ఉంది. మంచి మార్కులు తెచ్చుకున్నవారికి 2016లో మొదలైన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటి ఉంది. మధ్యలో మానేసినవారికి సార్వత్రిక పాఠశాల ద్వారా పది, ఇంటర్ రాసే అవకాశం ఉంది. పది తప్పినవారు ఏడాదంతా ఆగనవసరం లేదు, ఆ వేసవిలోనే సప్లిమెంటరీ రాయవచ్చు. షెడ్డు పని తక్కువదని మేము అనటం లేదు. చెమటోడ్చి సంపాదించిన హలాల్ అన్నానికి మించినది లేదు. కాని చదివి, ఇష్టపడి చేపట్టిన పనికీ, శిక్షగా వేసిన పనికీ ఎంతో తేడా ఉంది.

తల్లుల త్యాగం, కూతుళ్ళ హక్కు

‘మా దగ్గర డబ్బు ఎక్కడిది మౌలానా?’ అనే సోదరీమణులకు ఇమామ్ షాఫయీ (రహ్మలై) తల్లిని గుర్తు చేస్తున్నాము. ఆయన పసితనంలోనే తండ్రి పోయారు. తల్లి గాజా నుండి బిడ్డను మక్కాకు తీసుకువచ్చారు. గురువుకు ఇవ్వటానికి ఆమె దగ్గర ఏమీ లేదు. గురువు లేని సమయంలో చిన్నపిల్లలను చూసుకుంటే చాలని కుదుర్చుకుని చదివించారు. కాగితం కొనే శక్తి లేక ఎముకల మీద రాసుకుని చదివిన ఆ బాలుడు ఉమ్మత్‌కు ఇమామ్ అయ్యారు. మన కాలంలో మాజీ రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం జీవితమూ మనకు తెలిసిందే. మద్రాసులో ఇంజనీరింగ్ చదువుకు డబ్బు చాలకపోతే ఆయన సోదరి జొహరా తన బంగారాన్ని తాకట్టు పెట్టారు. ఇద్దరి వెనుకా ఇంట్లోని ఒక స్త్రీ నిలబడింది.

మరి అదే స్త్రీ చదువు దగ్గరకు వచ్చేసరికి మనం ఎందుకు వెనుకాడుతున్నాము? ఇద్దరు కూతుళ్ళను యుక్తవయసు వచ్చేదాకా చక్కగా పెంచినవారు ప్రళయదినాన తనకు రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటారని ప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. పదవ తరగతి పరీక్షలు 2024, 2025 సంవత్సరాల్లో రమజాన్ నెలలోనే వచ్చాయి. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళలో అబ్బాయిని చదువుకోమని పంపి, మర్నాడు పరీక్ష ఉన్న అమ్మాయిని ఇఫ్తార్ వంటకు, సహరీ గిన్నెలకు పిలవలేదు? గుండెల మీద చెయ్యి వేసుకుని ఆలోచించండి. పరీక్ష రోజుల్లో ఆ పనిని అన్నదమ్ములు, తండ్రి పంచుకోవాలి. ఇంటిపనిలో భార్యలకు సాయపడటం ప్రవక్త (సఅసం) సున్నత్ కూడా!

ఈ రోజు నుండే చేయదగినవి

మొదటిది, బడికి వెళ్ళండి. ఫీజు కట్టటానికో, గొడవ జరిగినప్పుడో కాదు, మామూలు రోజున వెళ్ళండి. బిడ్డను పక్కన ఉంచుకుని, ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో ఉపాధ్యాయుణ్ణి అడగండి.

రెండవది, మగ్రిబ్, ఇషా నమాజుల మధ్య ఇంట్లో టీవీ కట్టేయండి. బిడ్డ చదువుకుంటుంటే పక్కన కూర్చోండి. చదువు రాని తల్లి తస్బీహ్ చేసుకుంటూ కూర్చున్నా చాలు. తాను ఒంటరి కాదని బిడ్డకు తెలుస్తుంది.

మూడవది, రాత్రి ఫోన్లన్నీ ఒకేచోట పెట్టండి. మీ ఫోను కూడా! ఈ వయసు పిల్లలకు రోజుకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతున్నారు. ఇషా తరువాత అనవసరమైన కబుర్లను ప్రవక్త (సఅసం) ఇష్టపడలేదు. త్వరగా పడుకున్న బిడ్డే ఫజ్ర్‌కు లేస్తాడు. ఫజ్ర్ తరువాత చదివింది మనసులో నిలుస్తుంది.

నాలుగవది, పోలికలు మానండి. తనకు అల్లాహ్ ఇచ్చిన శక్తి గురించే ఎవరికైనా ప్రశ్న ఉంటుంది, పక్కింటి పిల్లవాడికి ఇచ్చిన దాని గురించి కాదు.

అయిదవది, బిడ్డ కోసం చేసే దుఆ అప్పుడప్పుడు బిడ్డకు వినపడనివ్వండి. కోపంలో శాపనార్థాలు నోటికి రానివ్వకండి.

చివరిగా ఒక బరువైన మాట. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ప్రాణం తీసుకోవటం మన ధర్మంలో హరామ్. కాని ఆ మాట చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు. బిడ్డ అన్నం మానేసినా, నిద్ర పట్టక తిరుగుతున్నా, స్నేహితులను వదిలేసి మూల కూర్చున్నా, బతకాలని లేదన్నా తేలికగా తీసుకోకండి. దగ్గర కూర్చోండి, వైద్యుడికి చూపించండి. మందు తీసుకోవటం కూడా సున్నతే. ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోను చేయవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఏ ఫలితమైనా ప్రాణం కంటే పెద్దది కాదని ఫలితాలు రాకముందే బిడ్డకు చెప్పండి, వచ్చాక కాదు.

మళ్ళీ శృంగవరపుకోట

ఆ రోజు తండ్రితో మేము ఒక్క మాటే అన్నాము. “భాయ్, షెడ్డు ఎక్కడికీ పోదు. ఈ ఒక్క సంవత్సరం వాడి పక్కన నిలబడండి.” ఆయన మరుసటి వారమే బడికి వెళ్ళారు. లెక్కల మాస్టారు కొడుకుకు భిన్నాల దగ్గరే పునాది జారిందని, అక్కడి నుండి మొదలుపెట్టాలని చెప్పారట. రోజూ సాయంత్రం షెడ్డు గంట ముందు మూసి ఆ తండ్రి ఇంటికి రావటం మొదలుపెట్టారు.

2025 ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. అబ్బాయి అన్నిట్లోనూ పాసయ్యాడు, లెక్కల్లో తప్ప. 35 రావలసిన చోట 29 వచ్చాయి. ఆ తండ్రి మాకు ఫోను చేసి చెబుతూ ఉంటే గొంతు వణికింది. “మౌలానా, ఫోనులో చూసుకున్న వెంటనే వాడు ఎండలో పరుగెత్తుకుంటూ షెడ్డుకే వచ్చాడు. ‘అబ్బా, పోయింది’ అన్నాడు. అందరికంటే ముందు నాకే చెప్పాడు మౌలానా! చేతిలో పానా కింద పెట్టి వాణ్ణి దగ్గరకు తీసుకున్నాను.” ఆ వేసవిలోనే సప్లిమెంటరీ రాసి ఆ ఆరు మార్కులూ దాటాడు, అల్‌హమ్దులిల్లాహ్. కాని మా దృష్టిలో ఆ ఇల్లు గెలిచింది జూన్‌లో కాదు, ఏప్రిల్‌లోనే.

సోదర సోదరీమణులారా! పిల్లలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రేపు ఆయన సన్నిధిలో వారి మార్కుల జాబితా మనల్ని అడగరు. ఆ అమానతును ఎలా కాపాడామో అడుగుతారు. ఈ రాత్రి భోజనం దగ్గర ఫోను పక్కన పెట్టి, మీ బిడ్డ ముఖంలోకి చూసి, “ఈ రోజు ఎలా గడిచింది, నాయనా?” అని అడగండి. మొదటి రోజు జవాబు రాకపోవచ్చు. మర్నాడు కూడా అడగండి.

ప్రభూ! మా సంతానాన్ని మా కంటికి చల్లదనంగా చేయి. వారికి మేలైన విద్యను, దైవభీతిని ప్రసాదించు. వారు తడబడినప్పుడు ముందుగా మా దగ్గరకు పరుగెత్తి వచ్చేలా మా హృదయాలను మెత్తబరచు. ఆమీన్.